గోడ లేని నీళ్లు

లంకావి దీవి, మలేషియా
శుక్రవారం, మధ్యాహ్నం

మహారాజశ్రీ అన్నగారైన మునెప్ప గారి దివ్య సముఖానికి తమ్ముడు రెడ్డెప్ప సాష్టాంగపడి రాసుకునే విన్నపం. సాష్టాంగం భక్తితో కాదు, పడవ ఊగుతోంది, నిలబడటం కంటే పడుకోవడమే సుళువు. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వు, వదిన, అమ్మ, నీ షాపులో వైండింగ్ కాలిపోయి పడున్న బోరు మోటార్లతో సహా అందరూ కులాసా అని తలుస్తాను. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? పుంగనూరులో వాన పడిందా? ఇక్కడ రోజూ మధ్యాహ్నం పడుతోంది. ఎవరూ అడగలేదు, ఎవరికీ అక్కర్లేదు, నేరుగా సముద్రంలో పడుతోంది. చూస్తే కడుపు రగిలిపోతుంది.

ఫోన్లోనే చెబుదామనుకున్నాను. కానీ నువ్వు మాట్లాడేది బూత్‌లో. బూత్‌లో నువ్వు మాట్లాడితే సగం బజారు వింటుంది, మిగతా సగానికి సాయంత్రంలోపు తెలుస్తుంది. అందుకే ఉత్తరం. వేసవికి వచ్చేస్తానని పోయినసారి రాశాను కదా. వస్తానా, రానా అన్నది పోయిన మంగళవారం నీళ్లలో నిర్ణయమైంది. ఆ కథే ఇది. కంగారు పడొద్దు, బతికే ఉన్నాను, చచ్చినవాడి చేతిరాత ఇంత గుండ్రంగా ఉండదు.

నా ఉద్యోగం ఏమిటని వదిన మళ్లీ అడిగిందన్నావు. ఇలా చెప్పు: కుప్పంలో మూడేళ్లు బి.ఏ. చదివాడు, హార్స్లీ హిల్స్ గెస్ట్‌హౌస్‌లో రెండేళ్లు వచ్చినవాళ్లకు కొండలు చూపించాడు, ఇప్పుడు తెరచాప పడవ మీద వచ్చినవాళ్లకు దీవులు చూపిస్తున్నాడు. మనిషి పైకొచ్చాడా అంటే, నాలుగు వేల అడుగులు కిందికొచ్చాడు. పడవలో పనివాళ్లం ముగ్గురమే. నన్ను కొండ మీద చూసి, నా కబుర్లు విని, పిలుచుకొచ్చిన కెప్టెన్ సార్ ఒకరు. ఆయనది కోలార్ పక్కన పల్లె. కోపం వస్తే తెలుగు మాట్లాడతారు, సంతోషం వస్తే ఇంగ్లీషు. ఆయన ఇంగ్లీషు నేనింకా సరిగా వినలేదు. రెండోవాడు వంటమనిషి జోసెఫ్, కేరళవాడు. మేమిద్దరం తమిళంలో మాట్లాడుకుంటాం. సగం తమిళం మాట్లాడే కుప్పంలో చదువు నాకిచ్చిన ఏకైక లాభం అదే.

అన్నా, చోట్ల అందం మాత్రం చెప్పనలవి కాదు. ఇక్కడికి ఒక రోజు దూరంలో, మన బి.కొత్తకోట దారిలో రాతి గుండ్లున్నాయే, వాటిని ఎవరో పెకలించి నీళ్లలో నిలబెట్టినట్టు ఉంటాయి కొండలు. వాటి మధ్య ఇంజను ఆపేసి, తెరచాప ఎత్తి, గాలితోనే పోతాం. ఒక్క చప్పుడుండదు, అడుగున నీళ్లు గులగులమనడం తప్ప. ఇంకోచోట ఒక ఇసుకదిబ్బ ఉంది. అది రోజుకు మూడు గంటలే బయటికి వస్తుంది, తర్వాత మునిగిపోతుంది. సర్కారు ఆఫీసులో గుమాస్తా లాంటిది. మరో దీవి మధ్యలో మంచినీళ్ల చెరువుంది. ఇటు ఉప్పు సముద్రం, అటు తీపి నీళ్లు, మధ్యన చిన్న రాతికట్ట. దోసిట్లో తీసుకుని తాగి చూశాను. ఒక్క బిందె క్యూలో లేదన్నా! కాసేపు అక్కడే నిలబడిపోయాను. వచ్చిన దంపతులు నేనేదో ప్రార్థన చేస్తున్నాననుకుని చెప్పులు విప్పారు.

వచ్చేవాళ్లు ఎక్కువగా జంటలే. కెమెరా నా చేతిలో పెడతారు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుంటారు. ఈ ఆరు నెలల్లో నేను తీసిన ఫోటోలు ఎన్ని ఇళ్ల గోడల మీదికి ఎక్కాయో, ఒక్కదానిలోనూ నేను లేను. సూర్యుడు మునిగే వేళ ఆకాశం టమోటా మండీ మాదిరి ఎర్రబడుతుంది. మోచేత్తో పొడిచి "అది సూడు రా" అనడానికి పక్కన మనిషి ఉండడు. ఒకరోజు జోసెఫ్‌ను పొడిచాను. వాడు పొడిచినచోట రుద్దుకుని, "ఏమైనా కావాలా తంబీ?" అన్నాడు. ఏమీ వద్దన్నాను.

తిండికి లోటు లేదు, ఆ బెంగ పెట్టుకోవద్దని అమ్మకు చెప్పు. ఇక్కడ తమిళుల కొట్టులో రాగిపిండి దొరికింది. సంగటి కెలికాను. ముద్ద బాగానే వచ్చింది కానీ పడవ ఒరిగినప్పుడు పళ్లెంతో సహా బల్ల ఆ మూలకు పోయింది. తరుముకుంటూ తిన్నాను. చెనిక్కాయల ఊరిబిండి పచ్చడిలో ఎండు మిరపకాయలు ఎన్ని వేయాలో వదినను అడిగి రాసి పంపు. నేను చేసింది తిని జోసెఫ్ రోజంతా దేవుణ్ణి తలుచుకున్నాడు.

ఇక అసలు సంగతి. మూడు వారాల కింద ఒక దీవి దగ్గర లంగరు వేసి ఉండగా, వచ్చిన ఆవిడ టోపీ గాలికెగిరి నీళ్లలో పడింది. నేను వీరుడి మాదిరి దూకాను. మన సోమల దారి బావిలో, వీపుకు బెండ్లు కట్టి నువ్వు నన్ను తోసిన రోజు నుంచి నాకు ఈత అంటే అంత గర్వం. బాగా ఈదుతున్నానని అనుకుంటున్నాను. పైనుంచి కెప్టెన్ గొంతు వినిపించింది.

"ఒరే రెడ్డెప్పా! యాడికి పోతాండావు రా?"

"టోపీ కాడికి సార్!"

"టోపీ ఆడుండాది. నువ్వు గానుగెద్దు మాదిరి దాని సుట్టూ తిరుగుతాండావు!"

నిజమే. ఎంత ప్రయత్నించినా నా ఈత గుండ్రంగానే పోతోంది. పైన జంటలన్నీ చప్పట్లు కొట్టాయి, ఇదేదో మన ప్రాంతపు ప్రదర్శన అనుకుని. టోపీని చివరికి జోసెఫ్ గాలంతో లాగాడు. నేను ఒళ్లు తుడుచుకుంటుంటే సార్ వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"ఈత యాడ నేర్చినావు?"

"బాయిలో సార్."

"ఎంత బాయి?"

"ముప్పై అడుగులు సార్. శానా పెద్ద బాయి. మా పక్క దానంత బాయి ఇంకోటి లేదు."

ఆయన నవ్వలేదు. "అదీ కత. ముప్పై అడుగులు పోతానే నీ ఒళ్లు తిరిగిపోతాంది. ఆడ గోడ ఉండాదని దాని నమ్మకం." తర్వాత, "పడవ పనోడు ప్రతివాడూ లంగరేసిన కాడ్నించి ఒడ్డుకు ఈది, మళ్లా వెనక్కి ఈదాల. బీమా వాళ్ల రూలు. నీ మాట నమ్మి ఇన్నాళ్లూ సూడకుండా వదిలేసినా. సీజన్ అయిపోతానే ఈదు. ఈదినావంటే ఇంకో ఏడాదికి సంతకం. లేదంటే టికెట్ తీసిస్తా, ఇంటికి పో అప్పా," అన్నారు.

అన్నా, ఇక్కడ నుంచి ఒక పేరా నీకు మాత్రమే. వదినకూ అమ్మకూ చదివి వినిపిస్తుంటే, దగ్గు వచ్చినట్టు నటించి దాటెయ్.

ఆయన ఇంటికి పో అన్నప్పుడు నాకు భయం వేయలేదు. ప్రాణం లేచొచ్చింది. ఆరు నెలలుగా నేను వెతుకుతున్న నెపం అదే. నా అంతట నేను వచ్చేస్తే, "సూస్తివా, ఓర్సుకోలేక వచ్చేసినాడు" అంటారు. వాళ్లే పంపిస్తే, "పాపం, ఏదో రూలంట" అంటారు. పైగా ఓడిపోవడానికి నేను కష్టపడాల్సింది కూడా ఏమీ లేదు. నాకు వచ్చినట్టు ఈదితే చాలు. ఆ మూడు వారాలూ నేను ఒక్కసారి కూడా ఈత సాధన చేయలేదు. మనసులో మాత్రం మదనపల్లిలో బస్సు దిగి, పుంగనూరు బస్సులో కిటికీ పక్కన సీటు పట్టి, నీ షాపు ముందు నిలబడి, "మోటార్ కాలింది, బాగుచేస్తారా?" అని గొంతు మార్చి అడగడం రోజూ సాధన చేశాను.

మంగళవారం పొద్దున. మనుషులెవరూ లేని ఒక చిన్న దీవి. తెల్లటి ఇసుక, దాని వెనక పచ్చటి చెట్లు, కాలెండర్ బొమ్మల్లో కూడా అంత శుభ్రంగా ఉండదు. జోసెఫ్ పడవ అంచున శిలువ గీసుకున్నాడు, నాకోసమో, తనకోసమో. సార్ చిన్న పడవలో తెడ్లు వేసుకుంటూ నా వెనక వస్తున్నారు. దూకాను.

ముప్పై అడుగులు. ఎడమ భుజం తనంతట తానే వంగింది. ఒళ్లు తిరుగుతోంది. నేను ఆపలేదు. తిరగనీ అనుకున్నాను. సగం తిరిగాక మన పడవ కనబడింది, దగ్గరలోనే ఉంది. ఇంకో పది బారలు వేస్తే తాడు నిచ్చెన, దాని పైన టికెట్. కింద చూస్తే నీళ్లు గాజు మాదిరి, అడుగు ఎక్కడో. చుట్టూ చెయ్యి ఆనించడానికి గోడ లేదు. గట్టు మీద ఎవరూ లేరు.

గట్టు మీద నువ్వుండేవాడివి. నేను అలిసిపోయి గోడ పట్టుకోబోతే, "ఇంక రెండే బారలు రా, రెండే!" అనేవాడివి. ఒక్కరోజు కూడా అవి రెండు కాలేదు. పచ్చి అబద్ధం. అప్పుడు తట్టింది నాకు. ఆరు నెలలుగా ఇక్కడ అందరూ నాతో నిజాలే మాట్లాడుతున్నారు. అన్నం అయిపోయింది, గాలి మళ్లింది, ఆ తాడు లాగు. నాకోసం ఒక్క అబద్ధం చెప్పేవాళ్లు లేరు.

అందుకని నేనే చెప్పాను. పైకే, నీ గొంతుతో. "ఇంక రెండే బారలు రా, రెండే." రెండు వేశాను. మళ్లీ చెప్పాను. మళ్లీ రెండు. ఏ వైపుకు వేస్తున్నానో కూడా చూడలేదు, ఆ తిరుగుడులోనే మళ్లీ ఒడ్డు వైపుకు మళ్లానని తర్వాత తెలిసింది. వెనక నుంచి సార్ అరిచారు.

"ఏమంటాండావు రా?"

"రెండే బారలు సార్!"

"రెండు కాదు అప్పా, ఇంకా నూరుంటాయి!"

"మీరు గమ్మునుండండి సార్!"

ఆయన మీద నేను గొంతు పెంచడం అదే మొదలు. నిజంగానే గమ్మునయ్యారు. తిరిగిపోతే ఇల్లు, నేరుగా పోతే ఇంకో ఏడాది, ఆ లెక్క నాకు తెలుసు. కానీ ఆపితే నీ గొంతు ఆగిపోతుంది. అంతే అన్నా. వీరత్వం కాదు, పట్టుదల కాదు, ఇంకేదో చెప్పి నీ దగ్గర గొప్పలు పోను. ఆ మాట ఇంకొంచెంసేపు విందామని ఈదాను. మోకాళ్లకు ఇసుక తగిలింది.

బావిలో ఎంత ఈదినా దిగిన మెట్టుకే వస్తాం. ఈది ఒకచోటికి చేరడం నా జన్మలో అదే మొదటిసారి. లేచి నిలబడి, నా అలవాటు చొప్పున, "ప్రియమైన అతిథులారా, మీ ఎడమ వైపున…" అని మొదలుపెట్టాను. ఎడమ వైపున నాలుగు పీతలున్నాయి. అవి కూడా కన్నాల్లోకి పోయాయి. సముద్రం వైపు వీపు పెట్టి కాసేపు కూర్చున్నాను. కళ్లు మండాయి. ఉప్పునీళ్లు పడ్డాయని రాస్తున్నాను, నువ్వు నమ్ము.

తర్వాత చలి పుట్టింది. పద, ఇంటికి పోదాం అనుకుని లేచాను. నడుము లోతుకు వచ్చాక గానీ తెలియలేదు, నేను ఇల్లు అనుకున్నది ఆ పడవని. నీళ్లలోనే నిలబడిపోయాను. ఈతకంటే అది ఎక్కువ భయం పెట్టింది. మనిషికి ఎప్పుడు ఏది ఇల్లైపోతుందో ముందుగా చెప్పేవాళ్లుంటే బాగుండు. వెనక్కి మాట్లాడకుండా ఈదాను. వంకర పోలేదు.

కాబట్టి అన్నా, వేసవికి రావడం లేదు. సంతకం పెట్టేశాను. అమ్మకు మెల్లగా చెప్పు, నెల జీతం పెరిగిందని ముందు చెప్పి, ఆ తర్వాత ఇది చెప్పు.

సంతకం పెట్టాక సార్ బల్ల మీద పెద్ద సముద్రపు మ్యాపు పరిచారు. ఆ మ్యాపు వింతగా ఉంటుంది. నీళ్లన్నీ అంకెలతో నిండి ఉంటాయి, ఎక్కడ ఎంత లోతని. నేల మాత్రం పసుపు రంగు పూసి ఖాళీగా వదిలేస్తారు, దానితో వాళ్లకు పనిలేదు. మనమంతా ఆ పసుపులో ఉన్నాం. పడవలో ఒక ఆచారం ఉంది. సంతకం పెట్టినవాడు మరుసటి ఏడాది దారిలో తనకు నచ్చిన ఒక్క చోటు అడగొచ్చు. జోసెఫ్ సీషెల్స్ దీవులు అడిగాడు.

"నువ్వు చెప్పప్పా. మాల్దీవులా?" అన్నారు సార్.

"మద్రాసు సార్."

కళ్లద్దాలు తీశారు. "మద్రాసా! ఆడ ఏముండాది రా సూసేదానికి? హార్బరు, బొగ్గు, క్రేన్లు. ప్రపంచంలోని అందమైన చోట్లన్నీ నీ ముందర పరిస్తే…"

"మదనపల్లి నుంచి మద్రాసు బస్సు పుంగనూరులో ఆగుతాది సార్."

సార్ చాలాసేపు ఆ పసుపు వైపు చూశారు. వాళ్ల పల్లె కూడా అందులోనే కదా. తర్వాత "సూద్దాంలే, జనవరిలో గాలి కూడా అటుపక్కకే తోస్తాది," అని, మ్యాపు అంచున పెన్సిల్‌తో చిన్నగా రాశారు: మద్రాసు, రెండు రోజులు. రాసిన వెంటనే కాఫీకి లేచిపోయారు.

జనవరిలో రెండు రోజులు షాపు మూసెయ్. అమ్మను, వదినను తీసుకురా. పడవ ఎక్కితే అమ్మకు మొదట వాంతులవుతాయి, ఫర్వాలేదు, నాకూ అయ్యాయి. మన వీధిలో పెద్దలందరికీ నా నమస్కారాలు, చిన్నవాళ్లకు నా పెద్దరికం. నీ రెండు చేతులూ నా తల మీద పెట్టినట్టు తలుచుకుని దీవించు, గ్రీజు ఉన్నా సరే. వెంటనే బదులు రాయి. ఏమీ విశేషాలు లేకపోతే ఏ మోటారు ఎందుకు కాలిందో రాయి, అదైనా చదువుతాను.

ఇట్లు,
నీ తమ్ముడు
రెడ్డెప్ప

ఒక్క మాట మరిచాను. సార్ కాఫీకి పోయాక, ఆయన పెన్సిల్ రాత మీదే నేను పెన్నుతో దిద్దేశాను.