గేదె ఎక్కించిన అమ్మమ్మకు

గిరావీన్, సిడ్నీ

శేషుకుమారి వదినగారికి,

మన సింధుజ ఈ ఏడు రోడియో రాణి అని తెలుసుగా. రోడియో అంటే ఇక్కడి గుర్రాల, గిత్తల తిరునాళ్ళు. నిన్న తెల్లవారకముందే గుర్రానికి స్నానం చేయించింది, జెండా పట్టుకుని మైదానం చుట్టింది, సాయంత్రందాకా పిల్లలతో ఫొటోలు దిగింది. ఎండలో నీళ్ళసీసాతో వెనకాల తిరిగింది నేను.

“ఈ ధైర్యం ఎవరి పోలిక?” అని మైకులో అడిగారు.

“మా అమ్మమ్మది. చిన్నప్పుడు నన్ను గేదె ఎక్కించింది” అంది.

నేను నేర్పిన ఇంగ్లీషులోనే మీ గేదెను పొగిడింది.

వచ్చే నెల పెద్ద పోటీకి మీరు రావాలట. పిలిచే పని నాకే పురమాయించింది. వచ్చేయండి. ఊరేగింపులో రాణిగారి పక్కన మీరే కూర్చోండి. ఇంటికొచ్చాక దిష్టి మాత్రం నేనే తీస్తాను, ముందే చెబుతున్నాను.

ఇట్లు,
సింధుజ నానమ్మ