అమ్మ వెతుకుతున్న కళ్లు

అన్నా,

అవయవదానం రద్దు చేసుకుంటానంటే నేను భయపడ్డానని ఇంట్లో తేల్చేశారు. "అన్న ఇచ్చిండు, డిగ్రీ చదివి నీకేం భయమే?" అన్నాడు బాపు. ఎందుకని ఎవరూ అడగలేదు. పొద్దుటి నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు.

కాలేజీలో ఇద్దరం కలిసే పేర్లిచ్చాం కదా. భిక్నూర్ దగ్గర నీ బండిని లారీ గుద్దాక, నువ్వు కోరినట్టే నీ కళ్లు ఎవరికో పెట్టారు. ఆ పేరు మనకు చెప్పరట. అప్పటి నుంచి అమ్మ ప్రతి మనిషి కళ్లలోకీ చూస్తోంది.

మొన్న నీ సంవత్సరీకానికి కామారెడ్డిలో సామాన్లు కొని వస్తుంటే, ఎల్లారెడ్డి బస్సులో అమ్మ కండక్టర్ గడ్డం పట్టుకుంది. "బిడ్డా, నీ కండ్లకు ఆపరేషన్ అయిందా?"

బస్సంతా నవ్వింది. అతను నవ్వలేదు. "లేదమ్మా, పుట్టినప్పటి సంది నాయే," అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ సంచి విప్పనివ్వలేదు. "వాడు యాడనో చూస్తనే ఉన్నడు. బతికున్నోనికి పిండం పెడ్తరా?" అంది.

నువ్వు తప్పు చేశావని నేననను. కానీ నేను పోతే, అమ్మ ఇంకో రెండు కళ్ల కోసం తిరగకూడదు. నా పేరు తీసేయమని రాసి, సంతకం చేసి, ఇవాళ పోస్టులో వేసి వచ్చాను.