ఆ ఫోటో చూసి కంగారుపడకు

నాయనా పెద్దోడా, నేను బాగానే ఉన్నాను, ముందు అది నమ్ము.

మీ చెల్లెలు నీకు నా ఫోటో పంపుతోంది. అందులో నా మొహం మాడిన పెనంలా ఉంటుంది. జబ్బు చేసిందనుకుని పరుగెత్తుకు రావద్దు. అది కొత్తగా రీలు కెమెరాతో ఫోటోలు తీసి, ఇంట్లోనే కడగడం నేర్చుకుంటోంది. స్నానాలగది కిటికీకి దుప్పటి కట్టి, ఎర్ర బల్బు పెట్టి, పళ్ళాల్లో మందునీళ్ళు పోసింది. ఇక నేను స్నానానికి ఎక్కడికి పోవాలి? చూద్దువు రమ్మంటే వెళ్ళాను. మందులో వేసిన కాగితం మీద నా మొహం తేలుతోంది గానీ, ఆ ఎర్ర వెలుగులో మీ చెల్లెలి మొహం జ్వరమొచ్చినట్టు కందిపోయి కనిపించింది. చూస్తూ ఊరుకుంటానా? మామూలు లైటు వేశాను.

"అమ్మా, కొంప ముంచావే! కాగితం నల్లబడిపోతుంది!"

"నీ ఒళ్ళు కాలిపోతుంటే కాగితం గోలేమిటే?"

అది దూకి ఆర్పేసేసరికే నా మొహం మసైపోయింది. దాని ఒళ్ళు చల్లగానే ఉందనుకో. అయినా లైటు పడకూడదని ముందే చెప్పొద్దూ? పైగా ఇదే బాగుందని నవ్వుతోంది!

గ్యాస్ గొట్టం మార్పించావా? కోడలి మోకాలు ఎలా ఉంది? ఆ ఫోటో గోడకు తగిలించావంటే నీ గడప తొక్కను. చింపకు మాత్రం, నాయనా. మీ చెల్లెలు తన చేత్తో కడిగిన మొదటి ఫోటో అది.

పిల్లాపాపలతో చల్లగా ఉండండి.

మీ అమ్మ