వంకర మీసం

సికింద్రాబాద్, 1948 అక్టోబరు, శుక్రవారం

పోలీసు చర్యతో ఆగిన టపా ఇవాళ వచ్చింది. మద్రాసు నిర్మాత శేషయ్యగారివే రెండు ఉత్తరాలు. మొదటిదాంట్లో, ఆయన పాత సినిమాను నా కాలమ్‌లో ఉతికేసినందుకు ఎప్పటిలాగే తిట్లు. రెండోది పొట్టిది: "నా కొత్త సినిమా మీ ఊరికి పంపాను. చూసి తిట్టవయ్యా! నువ్వు క్షేమమని నమ్ముతాను."

సాయంత్రం మా ఆవిడతో వెళ్లి చూశాను. తీరా అది బాగుంది! చివర్లో నాకు ఏడుపాగలేదు.

మా ఆవిడ నవ్వింది. "గిప్పుడు మెచ్చుకుంటే నువ్వు బతికి లేవనుకుంటడు. ఇంకెవరో రాసిన్రనుకుంటడు. జెర ఏదన్న తప్పు దొరకబట్టు."

ఒక సీన్లో హీరో మీసం వంకరగా ఉంది. కాలమ్ నిండా ఆ మీసాన్నే తిట్టాను. చదివి శేషయ్య హాయిగా నిద్రపోతాడు, పిచ్చి మారాజు. నేను ఏడ్చిన సంగతి మాత్రం ఎప్పటికి చెప్పగలనో…