రెండు చోట్ల నాగా

గోదావరిఖని,
4 ఆగస్టు 2008

ప్రియమైన క్రిస్టినాకు,

నిన్న ఫోన్ల నువ్వు అరగంట మాట్లాడినవ్. నాకు వినబడ్డది పావుగంట, అర్థమైంది ఐదు నిమిషాలు. చెవికి మిషను పెట్టుకోమని మీ అమ్మ పోరుతది గాని, అది పెట్టుకుంటే పక్కింటి టీవీ వినబడ్తది, నువ్వు వినబడవు. ఇకనుంచి ఉత్తరం రాయి. ఉత్తరంల "ఆ... ఊ..." అని తప్పించుకోలేవు.

నాకు అర్థమైన కాడికి రాస్తున్న, తప్పుంటే దిద్దు. మీ హైదరాబాద్ కంపెనీ నీకొక పాత ప్రోగ్రాం అప్పజెప్పింది. కోబాల్ అనే పాతకాలపు కంప్యూటర్ భాషల రాసింది. దాన్ని చూసుకోనీకె ఆరుగురు పిల్లల్ని కూడగట్టమన్నరు. వచ్చినోళ్లు పదిహేను రోజులు తిరగకముందే "మాకు జావా కావాలె" అని ఉరుకుతున్నరు. శుక్రవారం శుక్రవారం పీజా పెట్టిన్రు, టీషర్టులు కుట్టిచ్చిన్రు, టీముకు "హెరిటేజ్" అని నామకరణం జేసిన్రు. అయినా నిలుస్తలేరు. "నువ్వు ముప్పై ఏండ్లు ఆ పాత మిషన్ల మీద ఎట్ల పనిచేసినవే అమ్మమ్మా?" అని అడిగినవ్.

ఎట్ల జేసిన? గని ఆఫీసు కంప్యూటర్ సెక్షన్ల కార్డులు పంచ్ చేసుడు తప్ప నాకు ఇంకో దారి లేకుండె, చేసిన. ఇది గొప్ప జవాబు కాదు, నిజం జవాబు.

గొప్ప జవాబు కావాల్నంటే మీ తాతనడగాలె. ఆయన లేడు కాబట్టి నేను చెప్త. పాత గనిల దిగాల్నంటే కొత్తోళ్లకు ఎప్పుడూ మొహం ముడుచుకునేది. మీ తాత జ్ఞానయ్య అట్లాంటోనికి మొదటి రోజు పని చెప్పేటోడు కాదు. చేతికి కట్టె ఇచ్చి "పైకప్పు కొట్టి విను" అనేటోడు. గట్టిగ మోగితే సరే, డొల్లగ మోగితే పక్కకు జరగాలె. "ఈ సప్పుడు కింద పదిమంది కూసోని సద్ది తింటరు" అనేటోడు. ఆ కొత్తోడు మళ్ల గని పాతదా కొత్తదా అని అడిగినట్టు నాకు యాదిలేదు.

నీ ప్రోగ్రాం కింద కూసున్నది ఎవరు? ముందు అది రాయి. తెల్వకపోతే తెలుసుకో.

ఇంకోటి. అవతలోళ్లు ఎందుకు నిలుస్తలేరని ఇంతగనం అడుగుతున్నవ్. నీ కాలు నిలుస్తున్నదా?

నీ మీద కాదు, ఆ పీజా మీద కోపంతోటి,
అమ్మమ్మ సుగుణమణి


హైదరాబాద్,
18 ఆగస్టు

ప్రియమైన అమ్మమ్మకు,

నా కాలు బాగానే ఉన్నది.

నువ్వన్నట్టు మేనేజర్‌ను అడిగిన. ఆ ప్రోగ్రాం పక్క రాష్ట్రంల ఉన్న ఒక బొగ్గుగనిదట. లాంపురూములది! ఎవరు లాంపు తీసుకొని దిగిన్రు, ఎవరు తిరిగి ఇచ్చిన్రు, అంతే దాని పని. 1986ల రాసిన్రు. రాసినోళ్లెవరూ ఇప్పుడు అక్కడ లేరు.

పోయి మా పిల్లలకు గొప్పగ చెప్పిన. వేణుమాధవ్ అన్నడు, "అక్కా, పెండ్లిచూపుల్ల ఏం పని చేస్తవంటే లాంపులు లెక్కపెడ్తనని చెప్పాల్నా?" సంధ్యారాణి ఇంకో ఆకు ఎక్కువ చదివింది. "నీకన్న పెండ్లిచూపులు. మా నాయన నన్ను సాఫ్ట్‌వేరని ఊరంత చెప్పుకుంటుండు, ఆయన పరువేం గావాలె?" అన్నది. ఆరుగురిల నలుగురే మిగిలిన్రు. నీ కట్టె, పైకప్పు ఇక్కడ పనిచెయ్యలే అమ్మమ్మా.

కాని ఒక్కటి మాత్రం పనిచేసింది, విను, నవ్వుతవ్. ఆ ప్రోగ్రాం రాసినోని పేరు నాగా అంట. ఎన్, ఏ, జి, ఏ. నాగరాజో, నాగభూషణమో! నాలుగు వందల లైన్ల నిండ తన పేరే పెట్టుకున్నడు. నాగా లిస్టు, నాగా చెక్కు, నాగా ఒకటి, నాగా రెండు. ఆర్నెల్ల రికార్డు చూసినం, ఆ లైన్లు ఒక్కసారి గూడ నడవలే. ఉత్త చెత్త. మా పిల్లలు దినాం ఆయన్ని తిట్టుకుంటనే పని మొదలుపెడ్తరు. ఇప్పుడు వాళ్లకో ఆలోచన వచ్చింది. వచ్చే శనివారం నాగా లైన్లన్నీ పీకేసి, ప్రోగ్రాంను చిన్నగ చేసి పంపుతరట. "నాగా గారి వీడ్కోలు సభ" అని బోర్డు మీద రాసిన్రు. కేకు గూడ చెప్పిన్రు. ఈ పని మీద వాళ్లకు హుషారు రావుడు ఇదే మొదటిసారి. నేను వద్దనలే.

పని ఒత్తిడిల ఉన్న,
క్రిస్టినా


టెలిగ్రాం
21 ఆగస్టు

నాగా మనిషి పేరు కాదు. ఒక్క లైను ముట్టకు. ఉత్తరం వెనుక వస్తున్నది. అమ్మమ్మ.


గోదావరిఖని,
21 ఆగస్టు

ప్రియమైన, తెలివితక్కువ క్రిస్టినాకు,

ఫోన్ మూడుసార్లు చేసిన, మూడుసార్లు కట్ చేసినవ్. అందుకే టెలిగ్రాం. తారాఫీసుల బిక్షం నన్ను చూసి కుర్చీల నుంచి లేచి "ఎవరు పోయిన్రమ్మా?" అన్నడు. "ఇంకా ఎవరూ పోలే, పోవద్దనే ఇస్తున్న" అన్న.

గోదావరిఖనిల పుట్టి, కాలనీ క్వార్టర్ల పెరిగి నాగా అంటే తెల్వదా నీకు? ఇంగ్లిష్ అక్షరాల్ల రాస్తే పరాయిదైపోయిందా? డ్యూటీకి పోకపోతే నాగా. పనామె రాకపోతే నాగా. సండేస్కూలుకు నువ్వెన్ని నాగాలు పెట్టినవో చెప్పాల్నా? నాగా మనిషి కాదే పిచ్చిదానా. రాని మనిషి.

ఇప్పుడు నీకొక సంగతి చెప్త. మీ తాత కుంటుడు నువ్వు చూసినవ్. మెట్ల మీద జారిండని మీకు చెప్పినం. అది అబద్ధం.

1974, డిసెంబర్. క్రిస్మస్‌కు ఇంటికి సున్నం వెయ్యాల్నని మీ తాత ఆ రోజు మొదటి షిఫ్టుకు నాగా పెట్టిండు. పొద్దుగాల్నే ఆయన దోస్తు సదయ్యకు జ్వరం. సదయ్య అప్పటికే శాన నాగాలు పెట్టి ఉన్నడు, ఇంకొకటైతే నౌకరీ కష్టం. మీ తాత మంచితనం నీకు తెలుసు గద, అది తెలివికన్న ఒక అడుగు ముందు నడుస్తది. నాకు చెప్పకుండ, సదయ్య బిళ్ళ పట్టుకొని సదయ్య లెక్కల దిగిండు. దిగేటప్పుడు మనిషికొక నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి లాంపు తీసుకుంటరు, ఎక్కినంక లాంపు ఇచ్చి బిళ్ళ తీసుకుంటరు. బిళ్ళ చెప్పిందే మాట.

నేను బజారుకు పోయొచ్చేసరికి చీకట్లనే మొదలుపెట్టిన గోడ సగం తెల్లగున్నది, సున్నం బకెట్ ఉన్నది, మనిషి లేడు. మంచిర్యాలల సినిమాకు పోయిండనుకున్న. షిఫ్టు దిగే యాళ్లకు, మూడు గంటలకు, వండిన కూర చల్లారింది. అప్పుడు ఎవరో చెప్పిన్రు, పొద్దున గని దిక్కు పోంగ చూసినమని. తిడుదామని పోయిన.

లాంపురూముల గట్టయ్య బుక్కు తిప్పి, "నీ మొగడు ఈ రోజు నాగా వదినె, ఇంట్లనే చూసుకో" అన్నడు. పక్కోనితోటి, "ఆ సదయ్య లాంపు ఒక్కటి రాలే. ఇంటికి పోయి చూస్తే దుప్పటి కప్పుకొని పన్నడు. ఇయ్యుడు మరిచినట్టున్నడు" అనుకుంట బుక్కు మూస్తున్నడు. దొరికిపోతనన్న భయానికి సదయ్య నోరు తెరవలే.

నేను బుక్కు మీద చెయ్యి పెట్టిన. "గట్టయ్యా, ఇక్కడ నాగా, ఇంట్ల గూడ నాగా. రెండు చోట్ల నాగా ఉన్న మనిషి మూడో చోట ఉండాలె. సదయ్య ఇంట్ల ఉంటే సదయ్య లాంపు ఎవని నెత్తి మీదున్నది?"

గట్టయ్య మొహం ఆ సున్నం గోడ లెక్క అయింది.

సాయంత్రం ఆరింటికి పైకి తెచ్చిన్రు. కప్పు కూలి కాలు రాయి కింద ఇరికింది. లాంపు ఆరిపోయినా చర్చి పాట పాడుకుంట ఉన్నడట, తప్పు రాగంల. గందుకే తొందరగ గుర్తుపట్టిన్రు.

మీ నాగా లైన్లు ఏం చేస్తయో చూడకుండనే చెప్పగలుగుత. లాంపు లోపల ఉండి, దాని మనిషి బయట దొరికితే, ఆ షిఫ్టుల నాగా పెట్టినోళ్ల పేర్లన్నీ చూపెడ్తయి. ఇండ్లకు పోయి వెతకమని. వాటిని నేను రాయలే, ఎవరు రాసిన్రో తెల్వదు. వాళ్ల ఇంట్ల గూడ ఎవరిదో కూర చల్లారి ఉంటది.

ఆర్నెల్లు నడవలేదంటున్నవ్. మంచిదే గద. నడవకపోవుడే ఆ గనోళ్ల అదృష్టం.

కేకు మాత్రం తినుండ్రి.

అమ్మమ్మ


హైదరాబాద్,
2 సెప్టెంబర్

ప్రియమైన అమ్మమ్మకు,

టెలిగ్రాం శుక్రవారం అందింది. ఆఫీసుల ఎవ్వరూ టెలిగ్రాం చూసి ఉండలే. సెక్యూరిటీ ఆయన రెండు చేతుల్తోటి పట్టుకొచ్చి "ధైర్యంగ ఉండు మేడం" అన్నడు.

ఉత్తరం వచ్చినంక టీముకు చదివి వినిపించిన. సగంలనే వేణుమాధవ్ అడ్డం పడి "తాత బతికిండా అక్కా? ముందు అది చెప్పు" అన్నడు. సంధ్యారాణి లేచింది. తన మిషను ముందుకు పోయి, ఒక ఉత్తుత్తి షిఫ్టు తయారు చేసింది. సదయ్య లాంపు లోపల, సదయ్య బయట, జ్ఞానయ్యతోటి కలిపి పదకొండుమంది నాగా. మేము శనివారం కోసమని నాగా లైన్లు తీసి పెట్టుకున్న ప్రోగ్రాంల ముందు నడిపింది. "అందరూ బయటకు వచ్చిన్రు" అని చూపెట్టింది. తర్వాత పాతదాంట్ల నడిపింది. పదకొండు పేర్లు వచ్చినయి. ఏడోది తాతది.

వేణుమాధవ్ బోర్డు మీది వీడ్కోలు సభ చెరిపేసి, ప్రోగ్రాంల అర్థం కాని పేర్లన్నీ రాసుడు మొదలుపెట్టిండు. నలభై అయినయి. "వీటికి అర్థాలు దొరికేదాక నేను యాడికి పోను" అన్నడు. నలుగురూ ఉన్నరు. పీజా బందు పెట్టినం, ఎవ్వరూ అడగలే.

ఇప్పుడు నేను నీకు చెప్పాల్సింది ఉన్నది. నాగా లైన్లు తీసెయ్యాల్నన్న ఆలోచన పిల్లలది కాదు, నాది. బెంగళూరుల జావా నౌకరీ వచ్చింది. ఆ శనివారం మీది సోమవారం చేరాలె. పోయేముందు ప్రోగ్రాంను చిన్నగ చేసి, మంచి పేరు తెచ్చుకొని, సప్పుడు జెయ్యకుండ పోదామనుకున్న. ఎవ్వరికీ చెప్పలే. మా టీముల మొదటి నాగా నేనే అమ్మమ్మా.

సోమవారం నేను ఇక్కడికే వచ్చిన. బెంగళూరోళ్లకు రానని రాసిన.

సిగ్గుతోటి, హాజరుల ఉన్న
క్రిస్టినా


గోదావరిఖని,
8 సెప్టెంబర్

ప్రియమైన క్రిస్టినాకు,

నీ కాలు నిలుస్తున్నదా అని అడిగితే ఒక్క లైన్ల జవాబు రాసినవ్. పుట్టినకాడి నుంచి నువ్వు దేనికీ ఒక్క లైన్ల జవాబు ఇయ్యలే. అప్పుడే తెలిసింది.

పోవద్దని నేను అప్పుడనలే, ఇప్పుడూ అంటలే. కొత్తది నేర్చుకోవాలె, నేర్చుకో. కాని పోయేటప్పుడు చెప్పి పో, లెక్క తప్పకుండ పో.

ఆ నలభై పేర్లు పంపు. పంపేటప్పుడు పెద్ద అక్షరాల్ల రాయి. నాకిప్పుడు పొద్దుపోతలేదు, నీవల్ల రెండు రోజుల సంది కూసున్నకాడ కూసుంటలేను.

ఈ కవరుల బరువుగ తగిలేది మీ తాత సొంత బిళ్ళ. రిటైరైననాడు వాపసు ఇయ్యాల్సింది, పోయిందని చెప్పి దాచుకున్నడు. మెట్ల మీద జారిన మనిషి గద, అబద్ధం అలవాటైంది. దీన్ని బిళ్ళ అనుకోకు, లాంపు అనుకొని నీ మిషను పక్కకు పెట్టుకో. నీ తర్వాత ఆ ప్రోగ్రాంను చూసుకునేటోళ్లు తయారైననాడు తెచ్చి నా చేతుల పెట్టు.

అప్పటిదాక నువ్వు లోపల ఉన్నట్టే లెక్క. మూడు గంటలకు కూర దించి, తొవ్వ చూస్తుంట.

అమ్మమ్మ