బోణి చేసిన చేతిని విడిపించుట గురించి

గోదాతీర రైతు సహకార పప్పుల మిల్లు, నాందేడ్, కంప్యూటర్ విభాగాధికారి వెంకట్రావ్ గారి సముఖమునకు,

అర్జీదారు: పార్వతీబాయి, లెక్కల టీచరుగా రిటైరైనది, తమ మిల్లు గుమాస్తా తిరుమలేష్ తల్లి. మిల్లులో ఏ ఉద్యోగమూ లేనిది.

అయ్యా,

విషయం: లారీలను వదిలే అధికారాన్ని నా ఫోను నుండి తొలగించి, నన్ను మా అక్క దగ్గరికి పోనిచ్చుట గురించి.

1. గత దసరానాడు తమ మిల్లులో కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టినారు. కొబ్బరికాయ కొట్టి, కంప్యూటరుకు పసుపు కుంకుమ పెట్టినారు. మొదట ఎవరు నొక్కాలన్న మాట వచ్చినప్పుడు "అవ్వ చెయ్యి మంచిది, అవ్వతోనే బోణి చేపిద్దాం" అన్నది తమరే. అది పేరు అడిగితే నా పేరు, నంబరు అడిగితే నా నంబరు కొట్టించినారు. పేడా పెట్టినారు, తిన్నాను. ఆ పేడా ఇంతవరకు అరగలేదు.

2. బోణి చేసినవారినే అది యజమానిగా రాసుకున్నదని తరువాత తెలిసింది. లారీ నిండితే చాలు, దానంతట అదే నా ఫోనుకు అనుమతి అడుగుతుంది. నేను 'సమ్మతం' నొక్కితేనే గేటు పాసు బయటికి వస్తుంది. సెలవు చీటీలకూ, ఆఫీసుకు వచ్చే ఉత్తరాలకూ ఇదే దారి. నేను స్నానానికి పోతే నాందేడ్ పప్పు నాందేడ్‌లోనే ఉంటుంది.

3. సిగ్నల్ లేని చోటికి నేను పోరాదు. దెగ్లూర్ దాటి, మర్ఖేల్ అవతల, పొలాల మధ్య ఇంట్లో మా అక్క ఆండాళ్ మంచం పట్టింది. అక్కడ సిగ్నల్ అందదు. ఆమె కొడుకు అనంతరాములు రోడ్డు దాకా నడిచి వచ్చి ఫోను చేసినాడు.

"చిన్నమ్మా, అమ్మ నిన్నే కలవరిస్తున్నది. ఎప్పుడస్తవ్?"

"అస్త బిడ్డా, ఇక్కడ లారీలున్నయి."

"అమ్మకు మొన్ననే అదే చెప్పిన. 'సరే, దాన్ని లారీలనే కాయుమను. నన్ను కాసేటోడు పైన ఉన్నడు' అన్నది."

మా అక్క మంచంలో ఉన్నా నోరు మంచం పట్టలేదు. అది కూడా పట్టకముందే నేను పోవలసి ఉన్నది.

4. నా పేరు తీయమని తమ సాఫ్ట్‌వేర్‌లోనే దరఖాస్తు పెట్టించాను. యజమాని అనుమతి కావాలని అది నా ఫోనుకే వచ్చింది. నొక్కాను. "మీ దరఖాస్తును మీరే మంజూరు చేసుకోరాదు" అన్నది. అందులో తప్పు లేదు, బడిలో పిల్లలను తమ పేపర్లు తామే దిద్దుకోనిచ్చానా? కాని యజమానిని పైనుండి తీసివేసే అధికారం తమకు ఉన్నదట. వాడితే ఎందుకు వాడినారో హెడ్డాఫీసుకు జవాబు రాయాలని తమరు వాడుట లేదట. తమ జవాబు బద్ధకానికి, మా అక్క ఊపిరికి ముడిపడినది. మనవి చేస్తున్నాను.

5. "పాస్‌వర్డ్ చెప్పరాదే అమ్మా, మేమే నొక్కుకుంటం" అని నా కొడుకు. చెప్పను. మొన్న డ్రైవర్ కాశీరాం లారీకి సాఫ్ట్‌వేర్ అనుమతి అడిగింది. నేను అతనికే ఫోను చేశాను.

"కాశీరాం, పండుకున్నవా?"

"యాడ అవ్వా? హైదరాబాద్ నుంచి ఇప్పుడే అచ్చిన. మల్ల పొమ్మంటున్నరు."

"ఏమన్న తిన్నవా?"

"చాయ్ తాగిన."

"అయితే బండి నిలవెట్టి పండుకో. నా వేలు కూడ పండుకుంటది."

లారీ ఆలస్యమైందని తమరు నా కొడుకును కేకలేసినారు. ఆ లారీ కునుకులో ఎవరినన్న తొక్కితే, వదిలినవారు పార్వతీబాయి అని రాసి ఉండును గదా. నా పేరు వేరొకరి వేలికి తొడగను. ఇక్కడ ఉంటే అక్కకు ద్రోహం, పాస్‌వర్డ్ ఇచ్చి పోతే కాశీరాముకు ద్రోహం. నడుమ నేను.

6. కావున కోరునది: లారీని, డ్రైవరు మొఖాన్ని కండ్లతో చూసే గేటు కాపలా భీమ్‌రావుకు ఆ అధికారం అతని పేరు మీదనే ఇవ్వండి. అతడు లేనినాడు ఇంకొకరికి, వారి పేరు మీద. లారీ నింపినవారే దాన్ని వదలరాదు. తాళంచెవి ఇంట్లో ఉండేవారికి ఇస్తారు గాని, పెండ్లికి వచ్చిన చుట్టానికి కాదు.

పై సంగతులు చిత్తగించి, నా వేలికి విడుదల ఇప్పించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు, తప్పించుకునే దారి లేక,
పార్వతీబాయి

తా.క.: ఈ అర్జీని కౌంటరులో ఇచ్చాను. అక్కడ కూర్చునే త్రివేణి దాన్ని కంప్యూటరులోకి ఎక్కించింది. నా కొంగున ఉన్న ఫోను మోగింది: "ఒక అర్జీ వచ్చినది. అధికారికి పంపుటకు సమ్మతమా?" నొక్కాను. నాది నేను మంజూరు చేసుకోరాదట. త్రివేణి నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి వంగింది.

అందుకని కాగితం వెనక్కి తీసుకొని, తమ చేతికే ఇమ్మని భీమ్‌రావుకు అప్పగించి, దెగ్లూర్ బస్సుకు పోతున్నాను. దెగ్లూర్ దాకా సిగ్నల్ ఉంటుంది, అది దాటితే నా పేరు తీసి భీమ్‌రావు పేరు పెడితేనే తమ లారీలు కదులుతాయి. ఆ తరువాత నేను అక్క దగ్గర ఉంటాను, పాస్‌వర్డ్ నా దగ్గర ఉంటుంది. నిండిన లారీలు గేటు దగ్గర వరుసగా ఉన్నవి. డ్రైవర్లు పండుకున్నారు. లేపకండి.