తలుపు తీసిన అమ్మాయి నేను కాదు

బడి యూనిఫారాలు కుట్టే దర్జీని, వయసు అరవై ఎనిమిది, ప్రార్థన మందిరం పాత పెద్దగారికి కూతురిని, ఇప్పటి పెద్దగారికి తల్లిని అయిన నేను పూర్తి తెలివితో, స్థిరమైన మనసుతో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. నా తెలివి మీద అనుమానం ఉన్నవాళ్ళు నిన్న నేను కుట్టిన కాలర్లు తిరగేసి చూసుకోవచ్చు. ఇంతకుముందు రాసినవేవీ ఇక చెల్లవు.

1. నా దగ్గర కాజాలు కుట్టే ఆమె ముప్పై ఏళ్ళుగా నా నోటికి భయపడుతూ బతికింది. నా రెండు కుట్టుమిషన్లూ, పెద్ద కత్తెరా ఆమెకు చెందాలి. కత్తెర ఎవరికీ అరువివ్వకూడదు. ఇస్తుందని నాకు తెలుసు, అయినా రాస్తున్నాను.

2. స్టీలు బీరువా, తాళాలతో సహా, నా కోడలికి. మా మందిరంలో తప్పు చేసినవాళ్ళకు ‘మౌనం’ వేస్తారు. వాళ్ళు సభలో నిలబడి తప్పు ఒప్పుకునేదాకా ఎవరూ వాళ్ళతో మాట్లాడకూడదు, పిలిస్తే పలకకూడదు. నా పన్నెండేళ్ళ మనవరాలికి నాలుగు నెలలుగా మౌనం నడుస్తోంది. కన్నకూతుర్ని భోజనానికి పిలవాలంటే కోడలు గరిటెతో బల్ల మీద రెండుసార్లు కొడుతుంది. ఆ గరిటె కూడా కోడలికే.

3. బడి వార్షికోత్సవాల్లో నాకిచ్చిన జ్ఞాపికలు పదకొండు, అద్దాల అలమరలో ఉన్నాయి. వాటిని బడికి తిరిగి ఇచ్చేయాలి. పుచ్చుకోకపోతే గేటు దగ్గర పెట్టి రావాలి. ఎందుకో ఇక్కడే చెబుతాను.

పిల్లల పుస్తకాలు రాసే పెద్ద రచయిత్రి ఒకామె ఉంది. చిన్నప్పుడు నా తరగతే. మెడ పొడుగని ‘కొంగ’ అనేవాళ్ళం. ఆ పేరు పెట్టింది నేను. వాళ్ళింట్లో ఎవరూ మందిరానికి వచ్చేవారు కాదు. పైగా తను బడికి కథల పుస్తకం తెచ్చేది. మా లెక్కలో కట్టుకథ అంటే అబద్ధం, అబద్ధం అంటే పాపం. మా నాన్న ఆమెకు మౌనం వేసి, తరగతిలో ఎవరు మాట్లాడారో చూసి చెప్పే పని నాకు అప్పగించాడు. ఒక్కదాన్ని కూడా వదల్లేదు.

ఆమె మొదటి పుస్తకం ఈ సంగతే. అందులో బడిలో పటాలు దాచే గదిలో చిక్కుకుపోయిన అమ్మాయి అరుస్తుంది. పెద్దగారి కూతురు ఒక్కతే లేచి, మౌనం తప్పి, వెళ్ళి తలుపు తీస్తుంది. అక్కడే స్నేహం మొదలు. ఆ కూతురు నేనేనని ఊరంతా నమ్మింది. బడివాళ్ళు ఏటా నన్ను స్టేజీ మీద కూర్చోబెట్టారు. నేను కూర్చున్నాను.

నిజం ఇది. పటాల గది తలుపు వేసింది నేనే. కొంగ వేలు సందులో ఉందని చూడలేదు. కేక మాత్రం విన్నాను. తరగతి మొత్తం నా మొహం చూసింది. నేను పెదాల మీద వేలు పెట్టాను. సాయంత్రం బడి ఊడ్చే ఆమె వచ్చి తలుపు తీసేదాకా ఎవరూ కదల్లేదు. ఆ వేలు దక్కలేదు. ఆ వారం సభలో మా నాన్న నా తల నిమిరి, “నా కూతురు గట్టిది” అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. నాకు చాలా సంతోషం వేసింది.

4. ఆ రచయిత్రి ప్రతి పుస్తకం మొదటి పేజీలో ‘తలుపు తీసిన స్నేహితురాలికి’ అని రాసి నాకు పంపింది. ఒకసారి కొట్టుకే వచ్చి, “నీ గురించి మంచిగానే రాశాగా” అని నవ్వి వెళ్ళింది. తిట్టినా బాగుండేది. నన్నడక్కుండా నన్ను మంచిదాన్ని చేసింది కాబట్టి, నేనూ ఆమెను అడక్కుండా ఈ వీలునామాకు కార్యనిర్వాహకురాలిని చేస్తున్నాను. తప్పించుకోవాలంటే కోర్టుకెళ్ళి, కారణం చెప్పుకోవాలి.

5. నా సొంత సంపాదనతో కట్టుకున్న ఇల్లు, ప్రార్థనలు జరిగే ముందు హాలుతో సహా, సర్వహక్కులతో నా మనవరాలికి దఖలు పడాలి. నా కొడుకు అందులో ఉండొచ్చు, ఒక షరతు మీద. రోజూ కూతుర్ని పేరు పెట్టి పిలవాలి, అది చెప్పేది పూర్తిగా వినాలి, జవాబు చెప్పాలి. దగ్గడం, బల్ల కొట్టడం మాట్లాడటం కిందికి రావు. ఒక్క రోజు తప్పితే మర్నాడు సామాను వీధిలో ఉండాలి. పిల్లకు పద్దెనిమిది నిండేదాకా దీన్ని అమలు చేయాల్సింది కార్యనిర్వాహకురాలు.

నాయనా, కథలన్నీ పాపమని ఇంట్లో ఒక్క పుస్తకం ఉండనివ్వలేదు నువ్వు. ఆ రచయిత్రి మొదటి పుస్తకం ఒక్కటి మాత్రం ‘మా అమ్మ కథ, నిజం’ అని నీ చేత్తో నీ కూతురికిచ్చావు. అది నిజమనుకునే, మీరంతా మౌనం వేసిన ఇంకో పిల్ల పక్కన వెళ్ళి కూర్చుంది. అందుకే దానికీ మౌనం వేశావు. తప్పు ఒప్పుకోమంటే, ‘నానమ్మ ఒప్పుకుందా?’ అంది. సభంతా విన్నది. నేను మూడో వరసలో తల వంచుకుని ఉన్నాను.

6. మనవరాలికి విడిగా. రోజూ బడి నుంచి రాగానే నువ్వు ఆ పుస్తకం తెచ్చి, తలుపు తీసే పేజీ తెరిచి, నా మిషను మీద పెట్టి నిలబడతావు. నేను పుస్తకం మూసి పక్కన పెట్టి కుట్టుకుంటాను. కాసేపు చూసి వెళ్ళిపోతావు. మర్నాడు మళ్ళీ తెస్తావు. బతికుండగా ఒక్క మాట అనొచ్చు కదా అని నువ్వడగాలి, అడుగు. ఇల్లు నాది, నోరు నాది, నన్ను కొట్టేవాళ్ళెవరూ లేరు. సభలో నా కుర్చీ పోతుందని భయం, అంతే. నువ్వంటే నాకు ప్రాణం. ఆ ప్రాణం కన్నా కుర్చీ ఎక్కువైంది. ఇది చదివాక నన్ను అసహ్యించుకో. మొహమాటపడకు.

నవంబర్ పదకొండు, మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటలకు, కొట్టులో.

(సంతకం) యూనిఫారాల దర్జీ

సాక్షులు:
పక్క కొట్టు చెప్పుల వ్యాపారి.
బడి పాత గుమస్తా.

షరా: సాక్షులిద్దరూ ఇది చదివి, కాగితాలెందుకమ్మా, ఇంటికెళ్ళి ఆ పిల్లతో మాట్లాడమన్నారు. సంతకం పెట్టి వెళ్ళమన్నాను. నాలుగింటికి బడి వదిలారు. అది పుస్తకం తెచ్చింది. మూసేశాను.